షేర్డ్ వర్క్‌షాప్‌లో పీసీబీ ఎచింగ్ మూల: ట్రేలు ఎక్కడ పెట్టాలి, వాడేసిన నీళ్లు ఏం చేయాలి?

ప్రశ్న – బాలానగర్_షెడ్

అందరికీ నమస్తే. బాలానగర్‌లో మేం కొందరం కలిసి ఒక షెడ్డు అద్దెకు తీసుకుని వర్క్‌షాప్‌లా నడుపుతున్నాం. పాత లేత్ ఒకటి, బెంచ్ డ్రిల్లు, రెండు త్రీడీ ప్రింటర్లు, సోల్డరింగ్ బల్లలు ఉన్నాయి. సాయంత్రం పూట ఇంజనీరింగ్, డిప్లొమా పిల్లలు వస్తారు. వాళ్లంతా అడిగేది ఒకటే: సర్క్యూట్ బోర్డు (పీసీబీ) డిజైన్ చేసిన రోజే చేతికి రావాలి. అందుకే ఎచింగ్‌కి, అంటే బోర్డు మీద అక్కర్లేని రాగిని రసాయనంతో కరిగించే పనికి, ఒక మూల కేటాయించాలనుకుంటున్నాం.

రెండు చోట్లు చూశాం. ఒకటి లేత్ వెనకాల గోడ వారగా ఉన్న ప్లాట్‌ఫాం. కడప బండ వేసి ఉంది, చివర స్టీల్ సింక్, కుళాయి ఉన్నాయి, కిటికీ మాత్రం లేదు. రెండోది వెనక వరండా. పైన రేకులు, మూడు వైపులా గాలి. అక్కడ కుళాయి లేదు.

రాగిని కరిగించడానికి ఫెర్రిక్ క్లోరైడ్ వాడాలా, యాసిడ్–పెరాక్సైడ్ (హైడ్రోక్లోరిక్ యాసిడ్, హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిపినది) వాడాలా? వాడేసిన ద్రావణం ఎక్కడ పారబోయాలి? పదిమంది వాడే చోట దీన్ని ఎవరి చేతిలో పెట్టాలి? ఇప్పటికే నడుపుతున్నవాళ్లు చెబితే బాగుంటుంది.

జవాబు – మేడమీద_ల్యాబ్

నేను ఇంట్లో మేడ మీద యాసిడ్–పెరాక్సైడ్‌తోనే చేస్తాను. ఫెర్రిక్‌లో అరగంట పట్టే బోర్డు ఇందులో కొన్ని నిమిషాల్లో అయిపోతుంది. ద్రావణం పారదర్శకంగా ఉంటుంది కాబట్టి రాగి ఎంత పోయిందో కంటికి కనిపిస్తుంది. రెండూ తేలిగ్గా దొరుకుతాయి. అయ్యాక బాగా నీళ్లు కలిపి పారబోస్తే సరిపోతుంది. సింక్, కుళాయి ఉన్న మొదటి చోటే మీకు అనుకూలం అనిపిస్తోంది.

జవాబు – పాలిటెక్నిక్_ల్యాబ్

తమ్ముడూ, నేను పాలిటెక్నిక్ ఎలక్ట్రానిక్స్ ల్యాబులో చాలా ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. పిల్లల చేత ఎచింగ్ చేయించడమే నా రోజువారీ పని. పైన చెప్పిన పద్ధతి మేడ మీద ఒక్కరు చేసుకోవడానికి నడుస్తుందేమో, మీ షెడ్డుకి మాత్రం వద్దు. కారణం మీ లేత్. హైడ్రోక్లోరిక్ యాసిడ్ మూత బిగించినా సన్నగా ఆవిరి వదులుతూనే ఉంటుంది. కిటికీ లేని చోట ఆ ఆవిరి లేత్ బెడ్డు మీద, డ్రిల్లు చక్ మీద, త్రీడీ ప్రింటర్ రాడ్ల మీద తుప్పుగా కూర్చుంటుంది. ఇక పెరాక్సైడ్ కలిసిన ద్రావణం గ్యాస్ వదులుతుంది. తెలియని పిల్లాడు ఎవరైనా దాన్ని సీసాలో పోసి గట్టిగా మూత బిగిస్తే సీసా పగులుతుంది. పదిమంది చేతులు పడే చోట అంత నమ్మకం పెట్టుకోలేం.

ఫెర్రిక్ క్లోరైడ్ తీసుకోండి. కోఠి గుజరాతీ గల్లీలో అడిగితే గడ్డలుగా దొరుకుతుంది. కలిపేటప్పుడు చల్లటి నీళ్లు ముందు పోసుకుని, అందులో గడ్డలు కొద్దికొద్దిగా వేయాలి. గడ్డల మీద నీళ్లు పోయకూడదు. కరిగేటప్పుడు బాగా వేడెక్కి ఘాటైన ఆవిరి వస్తుంది, కాబట్టి బయట గాలిలో, కళ్లద్దాలు పెట్టుకుని చేయాలి. లీటరు నీళ్లకి 400 గ్రాములు చాలు.

చోటు సంగతికొస్తే, వరండానే ఖాయం చేసుకోండి. కడప బండ సున్నపురాయి జాతి. ఫెర్రిక్ ద్రావణం మంచి ఆమ్లం, ఒక చుక్క పడితే బండ మీద బుసబుసా పొంగుతుంది, నునుపు పోతుంది, పసుపు మరక లోపలికి దిగుతుంది. తాండూరు బండ, షాబాద్ బండ కూడా అంతే. గ్రానైట్ అయితే తట్టుకుంటుంది. స్టీల్ సింక్ సంగతి ఇంకా ఘోరం. స్టెయిన్‌లెస్ స్టీలుకి గుంటలు పడతాయో లేదో పరీక్షించడానికి ల్యాబుల్లో వాడేదే ఫెర్రిక్ క్లోరైడ్. మీ సింక్‌తో ఆ పరీక్ష చేయకండి.

వరండాలో ఒక ప్లాస్టిక్ బల్ల వేసి, దాని మీద అంచులున్న పెద్ద ప్లాస్టిక్ టబ్బు పెట్టండి. ఎచింగ్ ట్రే, కడిగే ట్రేలు అన్నీ ఆ టబ్బు లోపలే ఉండాలి. ట్రే ఒలికినా ద్రావణం టబ్బు దాటకూడదు. కుళాయి లేకపోవడం లోపం అనుకోకండి. కుళాయి ఉంటే ప్రతివాడూ దాని కింద పెట్టి కడిగేస్తాడు, రాగి అంతా డ్రైనేజీలోకి పోతుంది. బదులుగా రెండు కడిగే ట్రేలు పెట్టండి. ఎచింగ్ అయిన బోర్డు మొదటి ట్రేలో ముంచాలి, తర్వాత రెండోదాంట్లో. ఎచింగ్ ట్రేలో నీరు ఆవిరై తగ్గినప్పుడు మొదటి ట్రే నీళ్లతోనే నింపండి. రెండోదాన్ని మొదటిదాని స్థానంలోకి జరిపి, రెండోదాంట్లో కొత్త నీళ్లు పోయండి. ఇలా చేస్తే బయటికి పోవాల్సిన నీళ్లు చాలా తగ్గుతాయి. కళ్లు కడుక్కోవడానికి మాత్రం శుభ్రమైన నీళ్ల క్యాను, దానికో కుళాయి, చేతికందే దూరంలో ఎప్పుడూ ఉండాలి. ఇది వాయిదా వేయొద్దు.

వేగం తక్కువని భయపడకండి. ఎచింగ్ ట్రేని వేడినీళ్ల టబ్బులో కూర్చోబెట్టి ద్రావణాన్ని 40–45 డిగ్రీల దాకా తీసుకొస్తే, కదుపుతూ ఉంటే పావుగంటలో అయిపోతుంది. కదపడానికి అక్వేరియం గాలి పంపు చాలు. పంపుని ద్రావణం మట్టం కంటే పైన పెట్టండి. కిందుంటే, కరెంటు పోయినప్పుడు ద్రావణం ట్యూబులోంచి వెనక్కి లాగి పంపులోకి వస్తుంది. పంపు లేకుంటే బోర్డుని రాగి వైపు కిందికి పెట్టి, వాలుగా దించండి, గాలి బుడగ ఇరుక్కోకుండా. కరిగిన బురద కిందికి జారిపోయి కొత్త ద్రావణం తగులుతూ ఉంటుంది.

ఇక పారబోయడం. నీళ్లు ఎంత కలిపినా రాగి మాయం కాదు, పలచబడుతుందంతే. చేపలకి రాగి చాలా తక్కువ మోతాదులోనే విషం. మీ వైపు నీళ్లు కూకట్‌పల్లి నాలాలో కలిసి హుస్సేన్ సాగర్ దారి పట్టేవి, ఆ చెరువు ఇప్పటికే పరిశ్రమల నీళ్లు మోసింది చాలు. లెక్క చూడండి. మామూలు బోర్డు మీద రాగి మందం 35 మైక్రాన్లు. 10 సెంటీమీటర్ల పొడవు, 10 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న బోర్డు ఒక వైపు దాదాపు 3 గ్రాముల రాగి. సగం కరిగించినా గ్రామున్నర. ఒక గ్రాము రాగికి 5 గ్రాముల ఫెర్రిక్ ఖర్చవుతుంది, అందులోనూ సగం ఖర్చయ్యేసరికే పని బాగా నెమ్మదిస్తుంది. అంటే లీటరు ద్రావణంతో అలాంటి బోర్డులు పాతిక దాకా చేయొచ్చు. డిజైన్‌లో ఖాళీ జాగాని గ్రౌండ్ ప్లేన్‌తో, అంటే కరిగించకుండా వదిలేసే రాగితో, నింపమని పిల్లలకి చెప్పండి. కరిగే రాగి తగ్గితే ద్రావణమూ ఎక్కువ రోజులు వస్తుంది, పారబోసేదీ తగ్గుతుంది.

పనికిరాకుండా పోయిన ద్రావణానికి మీ లేత్ దగ్గరే మందు ఉంది. లేత్ మీద తురుములా రాలే మైల్డ్ స్టీల్ చిప్స్‌ని సబ్బుతో నూనె పోయేలా కడిగి, ఆరుబయట, ప్లాస్టిక్ బకెట్లో ఉన్న ద్రావణంలో కొంచెం కొంచెంగా వేయండి. కాసేపట్లో చిప్స్ అంచులు ఎర్రబడతాయి, తర్వాత రాగి పొడిపొడిగా రాలి అడుగున చేరుతుంది. ముదురు గోధుమ–ఆకుపచ్చ రంగు పోయి ద్రావణం లేత ఆకుపచ్చకి తిరుగుతుంది. కొత్త చిప్ ముక్క వేసినా ఎర్రబడటం లేదంటే రాగి దాదాపు దిగిపోయినట్టే. ఇందులో హైడ్రోజన్ బుడగలు వస్తాయి, దగ్గర్లో సిగరెట్, వెల్డింగ్ ఉండకూడదు. తర్వాత వాషింగ్ సోడా చిటికెడు చిటికెడుగా కలపాలి, ఒక్కసారి పోస్తే బకెట్ పొంగి బయటికొస్తుంది. పీహెచ్ కాగితం 8–9 చూపించేదాకా కలిపి, రాత్రంతా వదిలేయండి. అడుగున దిగిన బురదని గుడ్డలో వడగట్టి, ఆరబెట్టి, డబ్బాలో దాచండి. అది చెత్తబుట్టలో వేసేది కాదు. మీ చుట్టుపక్కల ప్లేటింగ్ యూనిట్లు ఉంటాయి, వాళ్ల బురద దుండిగల్‌లోని ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి వెళ్లాలి. వాళ్లతోనూ, కాలుష్య నియంత్రణ మండలితోనూ ముందే మాట్లాడి, మీ డబ్బా పోయే దారి తేల్చుకున్నాకే మొదటి బోర్డు ముంచండి.

జవాబు – అనలాగ్_అక్క

పాలిటెక్నిక్ సార్ చెప్పినదాంట్లో నాకు తేడా లేదు. కానీ అసలు ఎచింగ్ దేనికి వాడాలో ముందు గీత గీసుకోండి. ఒక వైపు బోర్డులు, ట్రాక్ (రాగి గీత) వెడల్పు 0.4 మిల్లీమీటర్ల పైన ఉన్నవి మాత్రమే మీ మూలలో చేయించండి. లేజర్ ప్రింట్ తీసిన డిజైన్ టోనర్‌ని ఇస్త్రీ పెట్టెతో కాగితం మీంచి రాగి మీదికి దించినప్పుడు అంతకంటే సన్నవి నమ్మకంగా రావు. రెండు వైపులవి, సన్న కాళ్ల ఐసీలున్నవి బయట బోర్డులు తయారుచేసే ఫ్యాబ్‌కి ఆర్డర్ పెట్టడమే మేలు. రాయదుర్గంలో టీ–వర్క్స్ అనే ప్రభుత్వ ప్రోటోటైపింగ్ కేంద్రం ఉంది, పీసీబీ నమూనాల గురించి అక్కడ అడగొచ్చు.

ఇంకోటి, డ్రిల్లింగ్. ఎఫ్‌ఆర్–4 రకం బోర్డులో గాజు పీచు ఉంటుంది, ఆ పొడి ఊపిరితిత్తులకి మంచిది కాదు. మాస్క్ లేకుండా డ్రిల్లు ముట్టుకోనివ్వకండి. ఊదడం బదులు తడి గుడ్డతో తుడవమనండి.

బాలానగర్_షెడ్

సార్, అక్కా, చాలా థాంక్స్. వరండాకే వెళ్తున్నాం. పక్క సందులో ఒక ప్లేటింగ్ ఆయనతో రేపు మాట్లాడతాను. మా పిల్లల బట్టల మీద, చేతుల మీద మరకలు పడితే ఏం చేయాలి? ట్రేలు, డబ్బాలు ఎవరి బాధ్యతలో ఉంచమంటారు?

పాలిటెక్నిక్_ల్యాబ్

చేతుల మీద పడితే వెంటనే నీళ్లతో, సబ్బుతో కడగాలి, మిగిలిన పసుపు దానంతటదే పోతుంది. నైట్రైల్ గ్లోవ్స్ వేసుకుంటే ఆ గొడవే రాదు. బట్టల మీద పడినదానికి ఆక్సాలిక్ యాసిడ్ పనిచేస్తుంది కానీ అదీ విషమే, పిల్లల చేతికివ్వొద్దు. పాత చొక్కాలు, ప్లాస్టిక్ ఏప్రాన్‌లు అక్కడే మేకుకి తగిలించి ఉంచండి.

బాధ్యత ఇద్దరికే ఇవ్వండి. ఫెర్రిక్ అలమారా తాళాలు వాళ్ల దగ్గరే ఉండాలి, వాళ్లలో ఒకరు లేని రోజు రెండో మనిషి ఉండాలి, ఇద్దరూ లేకపోతే ఆ రోజు ఎచింగ్ లేదు. ద్రావణాన్ని కూల్‌డ్రింక్ సీసాలో, మంచినీళ్ల సీసాలో ఎన్నడూ పోయనివ్వకండి. దాహమేసిన పిల్లాడు చూసుకోకుండా ఎత్తి తాగేస్తాడు. డబ్బా మీద తెలుగులో పెద్ద అక్షరాలతో ‘ఎచింగ్ ద్రావణం – విషం’ అని, కలిపిన తేదీ, చేసిన బోర్డుల సంఖ్య రాసి ఉంచండి. ఆ సంఖ్య పాతికకి దగ్గరపడితే చిప్స్ కడిగి సిద్ధంగా పెట్టుకోండి. టబ్బు కొనేటప్పుడు మూడు ట్రేల నీళ్లూ ఒకేసారి ఒలికినా పట్టేంత పెద్దది చూసుకోండి.