తిరుపతి నుంచి ఊటీ: సీజన్ తప్పించి పోవాలంటే ఏ వారం మంచిది?

ప్రశ్న (కొర్లగుంట, తిరుపతి)

మేం ఐదుగురం. ఇద్దరు పెద్దోళ్ళం, ఆరో తరగతి, తొమ్మిదో తరగతి పిల్లలు ఇద్దరు, 66 ఏళ్ళ మా అత్తమ్మ. ఊటీలో నాలుగు రాత్రులు ఉండాలని అనుకుంటున్నాం. మే నెలకు రూము అడిగితే రేటు విని ఫోన్ పెట్టేయాల్సి వచ్చింది. అదే రూము జులైలో సగానికి ఇస్తామంటున్నారు. జులై అంటే వాన, నవంబరులో పొండి అని ఇంకొకరు చెప్పారు. పిల్లలకు బడి పోకూడదు. కారు మాట్లాడుకోవాలా, రైల్లో పోవాలా? తెలిసినవాళ్ళు చెప్పండి.

జవాబు (గ్రీమ్స్‌పేట, చిత్తూరు)

అక్కా, ఏ నెల అని కాకుండా ఏ వారం, వారంలో ఏ రోజు అని చూసుకోండి. ఊటీలో రేటు పెంచేది ఎండ ఒక్కటే కాదు, నాలుగు రాష్ట్రాల బడి సెలవులు. మన బడులు ఏప్రిల్ 24న మూసి జూన్ 12న తెరుస్తారు. కేరళలో జూన్ 1కే తెరుస్తారు. కర్ణాటకలో మే చివర, తమిళనాడులో మామూలుగా జూన్ మొదట్లో తెరుస్తారు. అంటే జూన్ మొదటి పది రోజుల్లో పక్క రాష్ట్రాల జనం ఇళ్ళకు పోయుంటారు, మన పిల్లలకు ఇంకా సెలవులే ఉంటాయి. మీకు పనికొచ్చేది ఆ సందే.

అందులోనూ ఆదివారం మధ్యాహ్నం దిగి, గురువారం పొద్దున రూము ఖాళీ చేసేటట్టు పెట్టుకోండి. శుక్ర, శని రాత్రులు బెంగళూరు, కోయంబత్తూరు వాళ్ళవి. సీజన్ అయిపోయినా ఆ రెండు రాత్రులకు రేటు దిగదు.

ఒక మెలిక ఉంది. ఎండలు ముదిరితే తమిళనాడులో బడి తెరిచే తేదీ జరుపుతారు. 2023లో జూన్ 12కు, 2024లో జూన్ 10కి జరిపారు. అలాంటి ఏడాది ఈ సందు మూసుకుపోతుంది. కాబట్టి రైలు టికెట్ ముందే తీసుకోండి, రూము మాత్రం డబ్బు వాపసు వచ్చే పద్ధతిలోనే పట్టుకోండి. మే నాలుగో వారంలో తమిళనాడు ప్రకటన చూసి ఖాయం చేసుకోవచ్చు.

జవాబు (పలమనేరు)

పై మాటతో ఏకీభవిస్తా. వాన సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే "జులైలో ఊటీ మునిగిపోతుంది" అనేది సగమే నిజం.

నీలగిరికి రెండు వైపుల నుంచీ వాన వస్తుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి వాన పడమటి వైపు, అంటే గూడలూరు, పందలూరు, అవలాంచి వైపు దంచుతుంది. ఊటీ పట్టణంలో ముసురు, మంచు, ఈదురుగాలి ఉంటాయి గాని రోజంతా కుండపోత అరుదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య వాన తూర్పు వైపు, కూనూరు, కోటగిరి మీద పడుతుంది. మెట్టుపాళయం నుంచి పైకి పోయే ఘాట్ రోడ్డూ, కొండ రైలూ ఆ వైపే ఉన్నాయి. నవంబరులో కొండచరియలు విరిగి కల్లార్, కూనూరు మధ్య రైలు రద్దవడం మామూలే. నవంబరు సలహా ఇచ్చినాయన ఇది చూసుకోలేదేమో.

కొడైకెనాల్ లెక్క వేరే. దానికి గట్టి వాన అక్టోబరు, నవంబరుల్లోనే. ఆగస్టు సెలవులకు పోవాలంటే మున్నార్ కంటే కొడై నయం. మున్నార్‌కు జులైలో చవకగా దొరుకుతుంది గాని ఆ వాన తట్టుకోవాలి. ఫిబ్రవరి, మార్చిలో కూడా రేట్లు తక్కువే, కాని వరయాడులు (నీలగిరి కొండమేకలు) ఈనే కాలమని అక్కడి ఎరవికుళం పార్కు మూసేస్తారు. చవక నెలలో అసలు చూడాల్సిందే మూసుంటే ఏం లాభం?

దసరా సెలవుల్లో పోతే మిగులుతుందనుకుంటే పొరపాటు. సెప్టెంబరు, అక్టోబరు ఊటీకి రెండో సీజన్. మన దసరా, తమిళనాడు క్వార్టర్లీ సెలవులు, మైసూరు దసరా జనం అన్నీ ఒకేసారి వచ్చి పడతాయి.

జవాబు (రేణిగుంట)

రైలు సంగతి. మామూలు ఎక్స్‌ప్రెస్ బండ్లలో ఛార్జీకి సీజన్ లేదు. మేలో ఎంతో ఆగస్టులోనూ అంతే. రైల్లో మిగిలేదల్లా తత్కాల్ అదనపు రుసుము. అది కట్టకుండా ఉండాలంటే తేదీ గుర్తుపెట్టుకోవాలి. 2024 నవంబరు 1 నుంచి ముందస్తు రిజర్వేషన్ 60 రోజులకే, ప్రయాణం రోజు ఆ లెక్కలోకి రాదు. జూన్ 3 ప్రయాణానికి ఏప్రిల్ 4 పొద్దున 8 గంటలకు తెరుచుకుంటుంది.

మీకు సరిపోయే బండి తిరుపతిలో లేదు, కాట్పాడిలో ఉంది. చెన్నై సెంట్రల్ నుంచి మెట్టుపాళయం పోయే నీలగిరి ఎక్స్‌ప్రెస్ రాత్రి కాట్పాడిలో ఆగుతుంది. తెల్లారేసరికి మెట్టుపాళయంలో ఉంటారు, అక్కడ 7.10కి కొండ రైలు. పైకి దాదాపు ఐదు గంటలు, మధ్యాహ్నానికి ఊటీ. సరిగ్గా రూములు ఖాళీ అయ్యే వేళ. శనివారం రాత్రి ఎక్కితే పై అన్న చెప్పిన ఆదివారం లెక్క కుదురుతుంది.

కాట్పాడి నుంచి వెతికితే సీట్లు లేవని చూపిస్తే, చెన్నై సెంట్రల్ నుంచి మెట్టుపాళయానికి తీసుకొని బోర్డింగ్ పాయింట్ కాట్పాడి అని పెట్టండి. బయల్దేరే స్టేషన్ కోటాలో బెర్తులు ఎక్కువ. ఛార్జీ కొంచెం పెరుగుతుంది, తత్కాల్ కంటే తక్కువే. అలా మార్చాక చెన్నైలో ఎక్కే హక్కు ఉండదు.

కొండ రైలు టికెట్ వేరేగా తీసుకోవాలి. సైట్లో ఊటీ స్టేషన్ పేరు ఉదగమండలం. అదీ 60 రోజులకే. దొరక్కపోతే దిగులు పడొద్దు, బస్సులో కూనూరు పోయి అక్కడి నుంచి ఊటీ వరకు 19 కిలోమీటర్లు రైలెక్కండి. పిల్లలకు సరదా తీరుతుంది. ఎక్కుడులో బండి జారకుండా పట్టే పళ్ళ చక్రం పట్టాలు మాత్రం కూనూరు కిందనే ఉన్నాయి, అది పోగొట్టుకున్నట్టే.

అత్తమ్మగారికి కింది బెర్తు కావాలంటే ఆమె టికెట్ విడిగా లోయర్ బెర్త్ కోటాలో తీసుకోండి. ఐదుగురిని ఒకే టికెట్ మీద పెడితే ఆ కోటా వర్తించదు. వయసు రాయితీ 2020 మార్చి నుంచే లేదు, దానికోసం వెతకొద్దు.

తిరుగు ప్రయాణంలో ఒక ఇబ్బంది. అదే బండి కాట్పాడికి తెల్లవారుజామున చేరుస్తుంది. పెద్దావిడతో ఆ వేళ స్టేషన్లో కూర్చోవడం కష్టమనుకుంటే, కోయంబత్తూరు నుంచి నేరుగా తిరుపతి వచ్చే పగటి ఎక్స్‌ప్రెస్ ఉంది. రోజూ నడవదు, మీ తేదీకి ఉందో లేదో చూసుకోండి.

ప్రశ్న అడిగినవారు

చాలా సంతోషం అన్నా. కారు అయితే పెద్దావిడకు సుఖం కదా అని మా ఇంట్లో అంటున్నారు. రైలుకూ దానికీ ఎంత తేడా వస్తుంది?

జవాబు (గ్రీమ్స్‌పేట, చిత్తూరు)

ఐదుగురికి చిన్న కారు చాలదు, ఏడు సీట్లది కావాలి. బయటూరి బాడుగలో రోజుకు కనీసం 250 లేదా 300 కిలోమీటర్లు కడతారు, బండి కదిలినా కదలకపోయినా. 300 చొప్పున ఐదు రోజులకు 1,500. తిరుపతి, ఊటీ రానూపోనూ సుమారు 1,000, అక్కడ తిరిగేది ఓ 150. మిగిలిన 350 కిలోమీటర్లకు ఊరికే కడతారు. ఉదాహరణకు కిలోమీటరుకు 18 రూపాయలు అనుకుంటే మొత్తం 27,000, అందులో 6,300 దండగ. ఇంకా డ్రైవర్ బత్తా, టోల్, పక్క రాష్ట్రం పర్మిట్ ఉంటాయి. పర్మిట్ ఎవరిదో మాట్లాడుకునేటప్పుడే తేల్చుకోండి, సరిహద్దు దగ్గర కాదు.

రైల్లో పోయి ఊటీలో ఒకటి రెండు రోజులకే టాక్సీ పెట్టుకుంటే ఆ దండగ ఉండదు. సీజన్ దాటాక ఆదివారం సాయంత్రం స్టాండులో టాక్సీవాళ్ళు ఖాళీగానే ఉంటారు, బేరం నడుస్తుంది. కూనూరు ఒక రోజు, పైకారా ఒక పూట. దొడ్డబెట్ట, బొటానికల్ గార్డెన్‌కు లోకల్ బస్సు చాలు.

సొంత కారు ఉంటే లెక్క మారుతుంది. అప్పుడు ఈ-పాస్ మరవొద్దు. మద్రాసు హైకోర్టు ఆదేశంతో 2024 మే 7 నుంచి నీలగిరికీ కొడైకీ బయటి బండ్లకు తప్పనిసరి చేశారు. డబ్బు కట్టేది లేదు. 2025 ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఊటీకి మామూలు రోజుల్లో 6,000, వారాంతంలో 8,000 బండ్లకే పరిమితి పెట్టారు. ఆదివారం పైకి పోయేటట్టయితే పాస్ ముందే తీసుకోండి. ప్రభుత్వ బస్సులో పోయేవాళ్ళకు ఈ బాధ లేదు. మైసూరు మీదుగా వస్తే బందీపూర్ అడవి రోడ్డు రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా మూస్తారు.

ప్రశ్న అడిగినవారు

రూము రాత్రికి 2,500 అంటున్నారు. మేం రద్దు చేసుకోం అని ఒప్పుకొని ముందే కట్టేస్తే పదిశాతం తగ్గిస్తారట. కట్టేయమంటారా?

జవాబు (పలమనేరు)

వద్దు. నాలుగు రాత్రులకు 10,000. ముందే కడితే 9,000, మిగిలేది వెయ్యి. పదిసార్లు ఇట్ల కట్టి ఒక్కసారి రద్దయితే 9,000 పోతుంది, తొమ్మిదిసార్లు మిగిలిందంతా దానికే సరి. బడి తేదీ, వాన రెండూ తేలని జూన్‌లో ఆ ప్రమాదం పదింట ఒకటి కంటే ఎక్కువే.

చెప్పిన రేటులో పన్ను కలిసిందో లేదో అడగండి. 2025 సెప్టెంబరు 22 నుంచి రాత్రికి 7,500 దాకా ఉన్న రూముకు 5 శాతం, ఆ పైన 18 శాతం. మీ 2,500కు 125. పెద్ద హోటళ్ళకు పోయేవాళ్ళకు ఇక్కడే అసలు మిగులు. సీజన్‌లో 9,000 రూముకు 1,620 పన్ను కలిసి 10,620 అవుతుంది. అదే రూము 7,000కు దిగితే పన్ను 350, మొత్తం 7,350. రేటు తగ్గింది 2,000, మీ జేబులో మిగిలింది 3,270.

రేటు కంటే ముందు అడగాల్సినవి వేరే ఉన్నాయి. వంటగది నడుస్తోందా? సీజన్ అయిపోగానే చిన్న లాడ్జీలు వంటవాళ్ళను ఇళ్ళకు పంపేస్తాయి, రాత్రి 8 దాటాక పెద్దావిడకు వేడి ఇడ్లీ కోసం ఊరంతా తిరగాలి. రంగులు, రిపేర్లు నడుస్తున్నాయా? అవన్నీ ఖాళీ నెలల్లోనే పెట్టుకుంటారు, సగం రేటు వెనక సుత్తి మోత ఉంటుంది. వేడినీళ్ళు ఎన్ని గంటల నుంచి ఎన్ని గంటల దాకా? కరెంటు పోతే జనరేటరు రూములకా, వరండాకు మాత్రమేనా? గది కింది అంతస్తులో, కొండకు ఆనుకొని ఉంటే చెమ్మ పట్టుంటుంది, దుప్పట్లు తడిగా తగుల్తాయి. మొదటి అంతస్తులో, రోడ్డువైపు కిటికీ ఉన్న గది అడగండి.

యాప్‌లో రేటు చూసి హోటల్‌కే ఫోన్ చేయండి. సీజన్‌లో అయితే పట్టించుకోరు. జూన్‌లో, అదీ ఆదివారం నుంచి గురువారం అంటే రేటు దించకపోయినా అదనపు పరుపు, పొద్దున టిఫిను ఊరికే ఇస్తారు. ఐదుగురికి పరుపు ఖర్చు చిన్నదేం కాదు. ఒప్పుకున్నది వాట్సాప్‌లో రాయించుకోండి, కౌంటర్ దగ్గర మనిషి మారితే మాట మారుతుంది.

జవాబు (తిరుచానూరు)

ఒక చిన్న మాట. మన ఊరి బండ్లకు భక్తుల పోటు ఉంటుంది. శుక్రవారం తిరుపతికి వచ్చేవి, ఆదివారం రాత్రి తిరుపతి నుంచి పోయేవి నిండిపోతాయి. మనం ఎదురు పోవాలి. శుక్రవారం బయటికి పోవడం, ఆదివారం రాత్రి ఊరికి రావడం సులువు. రెండు రాత్రుల చిన్న ట్రిప్పులకు ఇది బాగా పనికొస్తుంది, ఏర్కాడుకో మైసూరుకో. మైసూరు జూ మంగళవారం ఉండదు.

హార్స్‌లీ హిల్స్ మనకు దగ్గర గాని శని, ఆదివారాలు బెంగళూరు కార్లే. సోమవారం పొండి. తలకోనకు మేలో పోతే నీళ్ళు సన్నగా ఉంటాయి, వానలు పడ్డాక చూడాలి.

ప్రశ్న అడిగినవారు

సరే, ఏప్రిల్‌లో అలారం పెట్టుకుంటున్నా. కాట్పాడికి శనివారం సాయంత్రం ఎన్నింటికి బయల్దేరాలి?

జవాబు (రేణిగుంట)

చిత్తూరు మీదుగా బస్సులో మూడు గంటలు పట్టుకోండి. ఐదున్నరకు ఎక్కితే భోజనం కూడా స్టేషన్ దగ్గరే చేయొచ్చు. ఏడు దాటనివ్వొద్దు. ఇంటి నుంచి స్టీలు సీసాల్లో నీళ్ళు తీసుకోండి. నీలగిరి జిల్లాలో ప్లాస్టిక్ నీళ్ళ బాటిళ్ళు నిషేధం, తనిఖీలో దొరికితే జరిమానా. మెట్టుపాళయంలో కొన్న బాటిల్ కూడా పైకి తీసుకుపోవద్దు.