ఎల్‌ఎస్‌యూ అమ్మాయిల 2024 జిమ్నాస్టిక్స్ టైటిల్: ఒక్కరి గొప్పతనమా, ఆరుగురి పనితనమా?

ప్రశ్న: ఫ్రిస్కో తల్లి

అందరికీ నమస్కారం. మేము డల్లాస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటాము. మా అమ్మాయి జిమ్నాస్టిక్స్‌లో లెవెల్ 7కు (పది స్థాయిల్లో ఏడోదానికి) వచ్చింది. కోచ్ మాటల్లో ఈమధ్య కాలేజీ ప్రస్తావన తరచుగా వస్తుండటంతో, ఆ స్థాయి పోటీలు ఎలా ఉంటాయో తెలుసుకుందామని 2024 జాతీయ మహిళల ఫైనల్ రికార్డింగును ఇంటిల్లిపాదీ కూర్చుని పూర్తిగా చూశాము. ఆ ఏడాది ఏప్రిల్ 20న మాకు దగ్గర్లోనే, ఫోర్ట్ వర్త్‌లోని డిక్కీస్ అరీనాలో జరిగిన పోటీ అది. లూయిసియానా స్టేట్ యూనివర్సిటీ, అంటే అందరూ ఎల్‌ఎస్‌యూ అనే జట్టు, 198.225 స్కోరుతో మొదటిసారి జాతీయ టైటిల్ గెలుచుకుంది. కాలిఫోర్నియా బర్కిలీ జట్టుకు 197.85, యూటాకు 197.8, ఫ్లోరిడాకు 197.4375 వచ్చాయి.

చూడటానికి కన్నుల పండుగగానే ఉంది కానీ లెక్క మాత్రం అంతుపట్టలేదు. ప్రతి పరికరం మీద ఆరుగురు చేస్తున్నారు, మొత్తంలో కలుస్తున్నది ఐదుగురి మార్కులే. ఎల్‌ఎస్‌యూ తార హేలీ బ్రయంట్ లేకపోతే ఆ జట్టే లేదని మావారి వాదన. నాకేమో ఆ రోజు ఎవరూ తడబడకపోవడమే గెలిపించిందని అనిపించింది. పైగా సీజన్ మొత్తం మొదటి ర్యాంకులో ఉన్న ఓక్లహోమా ఫైనల్లోనే ఎందుకు లేదు? తెలిసినవారు వివరించగలరు.

సమాధానం: లెక్కల మాస్టారు

అమ్మా, ముందు లెక్క సంగతి చెబుతాను, వాదన తర్వాత చూద్దాం. వాల్ట్ (బల్ల మీదుగా ఎగరడం), అన్‌ఈవెన్ బార్స్ (ఎత్తు తేడా ఉన్న రెండు కమ్మీలు), బ్యాలెన్స్ బీమ్ (సన్నని దూలం), ఫ్లోర్ (నేల మీద విన్యాసాలు) అని నాలుగు విభాగాలు. ఒక్కోదానిలో జట్టు నుంచి ఆరుగురు పోటీ చేస్తారు, అందరికన్నా తక్కువ వచ్చిన ఒక మార్కును వదిలేసి మిగిలిన ఐదింటిని కలుపుతారు. అంటే 24 ప్రదర్శనల్లో 20 లెక్కలోకి వస్తాయి, ఒక్కోదానికి గరిష్ఠం 10 కనుక మొత్తం 200. జాతీయ పోటీల్లో ప్రతి పరికరానికి ఆరుగురు న్యాయనిర్ణేతలు కూర్చుంటారు. వారిచ్చిన వాటిలో అత్యధికాన్నీ అత్యల్పాన్నీ తీసేసి, మధ్యలోని నాలుగింటి సగటు తీస్తారు. మీరు చూసిన 197.4375 వంటి నాలుగు దశాంశాల అంకెలు అక్కడి నుంచే వస్తాయి.

ఇప్పుడు 198.225ను 20తో భాగించి చూడండి, 9.911 వస్తుంది. లెక్కలోకి వచ్చిన ప్రతి ప్రదర్శనలో ఎల్‌ఎస్‌యూ అమ్మాయిలు సగటున పోగొట్టుకున్నది 0.09 కన్నా తక్కువ. దిగేటప్పుడు పాదం కొంచెం జరిగితేనే 0.05 నుంచి 0.1 వరకు పోతుంది, పడిపోతే ఒక్కసారిగా 0.5 పోతుంది. రెండో స్థానంలో నిలిచిన బర్కిలీకీ వీరికీ మధ్య తేడా 0.375, ఒక్కో ప్రదర్శనకు పంచితే 0.02 కూడా కాదు. ఒకరు పడినా ఆ మార్కు వదిలేసే వీలుంది కనుక జట్టు తట్టుకుంటుంది. అదే పరికరం మీద ఇంకొకరు పడ్డారంటే మాత్రం ఆ దెబ్బ మొత్తం మీద పడి తీరుతుంది.

మీవారి వాదన విషయానికి వస్తే, బ్రయంట్ ఏప్రిల్ 18న జరిగిన సెమీఫైనల్స్ ఆధారంగా ఆల్‌ఎరౌండ్ (నాలుగు పరికరాల మార్కులూ కలిపి ఇచ్చే వ్యక్తిగత) టైటిల్ గెలుచుకున్న మాట నిజమే, ఆమె ఆ ఏడాది దేశంలోని అత్యుత్తమ కాలేజీ జిమ్నాస్టులలో ఒకరు అనడంలోనూ సందేహం లేదు. అయితే నాలుగు పరికరాల మీదా నూటికి నూరు తెచ్చుకున్నా, ఒక మనిషి జట్టుకు ఇవ్వగలిగింది 200లో 40 మాత్రమే. మిగిలిన 160 తక్కినవారే తేవాలి.

సమాధానం: బేటన్ రూజ్ పాత విద్యార్థి

మాస్టారు చెప్పిన లెక్కతో నాకు పేచీ లేదు. కాకపోతే ఆ 198.225 వెనుక ఎన్నేళ్ల నిరీక్షణ ఉందో తెలియకపోతే ఆ సీజన్ సగమే అర్థమవుతుంది. డి-డి బ్రో అనే ఆవిడ 43 సీజన్ల పాటు ఎల్‌ఎస్‌యూలో శిక్షకురాలిగా ఉండి, పెద్దగా ఎవరికీ పట్టని ఆటను మా బేటన్ రూజ్ ఊరంతా కదిలివచ్చే ఆటగా మార్చి, 2020లో విరమించారు. ఆమె హయాంలో జట్టు 2016లో, 2017లో, 2019లో రెండో స్థానం దాకా వచ్చి ఆగిపోయింది, ఆ మూడుసార్లూ ఓడించింది ఓక్లహోమాయే. 2016లో తేడా కేవలం 0.225. ఆ తర్వాత పూర్తి బాధ్యత తీసుకున్న జే క్లార్క్ కాలంలో, 2022లో జట్టు ప్రాంతీయ పోటీలు దాటి జాతీయ స్థాయికి కూడా చేరలేకపోయింది. 2023లో ఫైనల్ చేరిన నాలుగు జట్లలో నాలుగోదిగా మిగిలింది. అలాంటి జట్టు మరుసటి ఏడాదే న్యూ ఆర్లీన్స్‌లో ఎస్‌ఈసీ కాన్ఫరెన్స్ (ఆగ్నేయ ప్రాంత కాలేజీల కూటమి) టైటిల్, ఆపైన జాతీయ టైటిల్ గెలిచిందంటే, ఒక్కసారిగా ఎవరో తార వచ్చి వాలడం వల్ల కాదు. బ్రయంట్ 2022లోనూ 2023లోనూ అక్కడే ఉంది కదా.

2024లో మారింది ఏమిటంటే, ఆమె చుట్టూ ఉన్న వరుస. అమెరికా జాతీయ ఆల్‌ఎరౌండ్ టైటిల్‌ను 2022లో గెలిచిన కానర్ మెక్లెయిన్ మొదటి ఏడాది విద్యార్థినిగా చేరింది. మడమ దగ్గరి అకిలీస్ స్నాయువు తెగి 2023 సీజన్‌ను కోల్పోయిన కియా జాన్సన్ ఐదో ఏడాది ఆడేందుకు తిరిగి వచ్చింది. ఆ వేసవిలోనే ఫిలిప్పీన్స్ తరఫున పారిస్ ఒలింపిక్స్‌కు వెళ్లిన అలేయా ఫినెగన్ ఉండనే ఉంది. ఆరో స్థానంలో దిగే అమ్మాయికి వచ్చే మార్కుకూ, మొదట దిగే అమ్మాయికి వచ్చే మార్కుకూ మధ్య దూరం తగ్గితేనే మాస్టారు చెప్పిన ఆ సగటు సాధ్యం.

ఫైనల్లో ఎల్‌ఎస్‌యూ ఫ్లోర్‌తో మొదలుపెట్టి, వాల్ట్, బార్స్ ముగించుకుని చివరికి బీమ్ దగ్గరకు వచ్చింది. టైటిల్ తేలే చివరి రొటేషన్‌కు (జట్లు పరికరాలు మారే వంతుకు) బీమ్ మీద నిలబడాలని ఏ జట్టూ కోరుకోదు. పది సెంటీమీటర్ల వెడల్పు, ఐదు మీటర్ల పొడవు, నేలకు 125 సెంటీమీటర్ల ఎత్తు; దాని మీద వెనక్కి పల్టీ కొట్టి దిగినప్పుడు పాదం ఒక అంగుళం పక్కకు పడితే తుంటి ఊగుతుంది, దాన్ని ఆపుకోవడానికి చేయి లేస్తుంది, ఆ లేచిన చేతికి మార్కు పోతుంది. సరిగ్గా అప్పుడే హాలులో ఇంకో మూల ఇంకో జట్టు ఫ్లోర్ సంగీతం మోగుతూ ఉంటుంది, తమది కాని ప్రదర్శనకు జనం కేకలు వేస్తూ ఉంటారు. నేను ఆ రోజు అక్కడే ఉన్నాను. బీమ్ ఎక్కిన అమ్మాయి చూపు కొన మీద నుంచి కదలకపోవడం పై వరుసల నుంచి కూడా కనిపించింది. ఆరో మనిషిగా ఎక్కిన ఫినెగన్ 9.95తో దిగేసరికి ఇక కూడికలు వేసుకోవలసిన అవసరం ఎవరికీ లేకపోయింది. ఎన్‌సీఏఏ (అమెరికా కాలేజీ క్రీడల సంస్థ) మహిళల జట్టు టైటిల్ మొదలైన 1982 నుంచి చూస్తే, దాన్ని గెలిచిన పాఠశాలల్లో ఎల్‌ఎస్‌యూ ఎనిమిదోది మాత్రమే. దానికి ముందు యూటా, జార్జియా, అలబామా, యూసీఎల్‌ఏ, ఫ్లోరిడా, ఓక్లహోమా, మిషిగన్ తప్ప ఇంకెవరూ గెలవలేదు.

సోషల్ మీడియాలో లక్షలమంది అనుసరించే ఒలివియా డన్ కూడా ఆ జట్టు సభ్యురాలే, కానీ ఫైనల్లో ఆమె దిగలేదు. హాలు నిండటంలో ఆమె పాత్ర ఉండవచ్చు, స్కోరులో లేదు.

సమాధానం: హైదరాబాద్ క్రీడాభిమాని

పాత విద్యార్థి గారి అభిమానాన్ని గౌరవిస్తూనే ఒక మాట చెప్పాలి. అసలు ప్రశ్నలో ఓక్లహోమా సంగతి ఉంది, దాన్ని ఇద్దరూ దాటేశారు. 2022లోనూ 2023లోనూ వరుసగా టైటిల్ గెలిచి, 2024 సీజన్‌లోనూ మొదటి ర్యాంకులో నిలిచిన ఆ జట్టు సెమీఫైనల్లో వాల్ట్ మీద తడబడి ఇంటికి వెళ్లిపోయింది. మొదటి రెండు స్థానాల్లో నిలిచిన జట్లకే ఫైనల్ ప్రవేశం. జనవరి నుంచి కూడబెట్టిన ర్యాంకు ఆ సాయంత్రం ఒక్క పైసాకు కూడా పనికిరాలేదు. ఎల్‌ఎస్‌యూ ఫైనల్లో ఓక్లహోమాను ఎదుర్కొని ఉంటే ఫలితం ఇదే అని ఎవరు చెప్పగలరు? దీన్ని విజయవంతమైన సీజన్ అనడం కన్నా, సరైన రెండు రోజుల్లో బాగా ఆడటం అనడం న్యాయంగా ఉంటుంది.

ఇంకొకటి, మన పాఠకులు ఈ 9.9ల వరుస చూసి వీళ్లు ఒలింపిక్ స్థాయిని మించిపోయారని అనుకోకూడదు. అంతర్జాతీయ పోటీల్లో 10 అనే హద్దు 2006 నుంచి లేదు, కష్టానికి ఒక మార్కు, నిర్వహణకు ఒక మార్కు వేరువేరుగా ఇచ్చి కలుపుతారు. 2018లో మెల్‌బోర్న్ ప్రపంచ కప్‌లో మన హైదరాబాద్ అమ్మాయి బుద్దా అరుణా రెడ్డి వాల్ట్‌లో కాంస్యం గెలిచింది 13.649తో. ఆ అంకెను ఈ అంకెలతో పోల్చడానికి వీల్లేదు. కాలేజీ ఆటలో కష్టమైన విన్యాసానికి కన్నా శుభ్రంగా ముగించడానికే విలువ ఎక్కువ.

సమాధానం: లెక్కల మాస్టారు

అయ్యా, రెండు రోజుల ఆటే అన్నది కొంతవరకు ఒప్పుకుంటాను, ఎందుకంటే 2025లో సరిగ్గా అదే ఎల్‌ఎస్‌యూకు జరిగింది. ఎస్‌ఈసీ టైటిల్ గెలిచి, అగ్రస్థానంలో జాతీయ పోటీలకు వచ్చి, సెమీఫైనల్లోనే నిష్క్రమించింది. టైటిల్ 198.0125 స్కోరుతో ఓక్లహోమాకు వెళ్లింది. అయినా సీజన్ అంతా వృథా అనడం సరికాదు. ప్రాంతీయ పోటీలకు వెళ్లే 36 జట్లను ఎంపిక చేసేది సీజన్ స్కోర్లే. ఆరు అత్యుత్తమ స్కోర్లు తీసుకుంటారు, వాటిలో కనీసం మూడు సొంత హాలులో కాక బయట తెచ్చుకున్నవై ఉండాలి, అందులో అత్యధికాన్ని తీసేసి మిగిలిన ఐదింటి సగటు వేస్తారు. సొంత ఊళ్లో ఉదారంగా పడ్డ ఒక్క పెద్ద స్కోరుతో గట్టెక్కే దారిని ఈ పద్ధతి మూసేస్తుంది.

కష్టానికి విలువ లేదన్న మాట కూడా పూర్తిగా నిజం కాదు. కాలేజీ వాల్ట్‌లో యుర్చెంకో ఫుల్ (వెనక్కి ఎగిరి గాలిలో ఒక పూర్తి చుట్టు తిరిగేది) ఎంత శుభ్రంగా చేసినా 9.95 దాటి రాదు, 10 నుంచి మొదలవ్వాలంటే ఇంకో అర చుట్టు తిరగాలి, లేదా బ్రయంట్‌లా ముందుకు చేతుల మీద ఎగిరి చేసే అరుదైన వాల్ట్ ఎంచుకోవాలి. జట్టులో ఆరుగురికీ 10 విలువ గల వాల్ట్ ఉండటం ఒక ఎత్తు, ఆరుగురూ దాన్ని కదలకుండా దిగడం ఇంకో ఎత్తు. ఓక్లహోమా ఆ సెమీఫైనల్లో ఈ దిగడం దగ్గరే దెబ్బతింది.

ప్రశ్న అడిగినవారు: ఫ్రిస్కో తల్లి

అందరికీ కృతజ్ఞతలు. మావారు ఇప్పుడు 200లో 40 లెక్క చెప్పుకుంటూ తిరుగుతున్నారు. ఒక చివరి సందేహం: ఇలాంటి జట్లలోకి పిల్లలు వెళ్లే దారి నిజంగా ఎంత ఇరుకైనది? మా అమ్మాయికి ఇది ఇప్పటి నుంచే లక్ష్యంగా పెట్టడం సబబేనా?

సమాధానం: బేటన్ రూజ్ పాత విద్యార్థి

అమ్మగారూ, ఉన్నమాట చెప్పాలంటే చాలా ఇరుకు. మహిళల జిమ్నాస్టిక్స్ జట్టు ఉన్న కాలేజీలు దేశం మొత్తం మీద నూరుకు మించవు. 2024 వరకు డివిజన్ 1లో, అంటే కాలేజీ క్రీడల పై శ్రేణిలో, ఒక్కో జట్టుకు పూర్తి స్కాలర్‌షిప్‌లు 12 మాత్రమే ఉండేవి, 2025లో కోర్టు ఒప్పందం తర్వాత దాన్ని అనుసరించే పాఠశాలల్లో జట్టు పరిమితి 20 మంది అయింది. ఎల్‌ఎస్‌యూ, ఓక్లహోమా వంటి చోట్ల ఆ స్థానాలకు వచ్చేది లెవెల్ 10లో ముందువరుసలో ఉన్నవారు, లేదా మెక్లెయిన్ వంటి జాతీయ స్థాయి వారు. లెవెల్ 7లో ఉన్న అమ్మాయికి దాన్ని లక్ష్యంగా చెప్పడం కన్నా, మొదట ఆ ఆట దగ్గర నుంచి చూపించడం మంచిదని నా అభిప్రాయం.

అందుకు ఫైనల్ కోసం ఎదురుచూడనక్కరలేదు. మీకు కారులో దగ్గరలోనే, డెంటన్‌లో టెక్సాస్ వుమన్స్ యూనివర్సిటీ జట్టు ఉంది. డివిజన్ 2 పాఠశాల అయినా, యూఎస్ఏ జిమ్నాస్టిక్స్ నిర్వహించే కాలేజీ ఛాంపియన్‌షిప్‌లో పలుమార్లు గెలిచిన జట్టు. వారి సొంత హాలు చిన్నది, జనవరి నుంచి మార్చి దాకా అక్కడ మీట్లు జరుగుతాయి. బీమ్‌కు దగ్గరగా ఉండే వరుసలో కూర్చోండి, మీ అమ్మాయి చేత ప్రతి ప్రదర్శనకూ ముందుగా ఒక మార్కు రాయించి, తర్వాత పడిన మార్కుతో సరిచూడమనండి.