మా వీధి కుక్కకి విషం పెట్టారు, కేసు రాసుకోవట్లేదు

రాత్రి ఎవరో అన్నంలో ఏదో కలిపి పెట్టారండీ, పొద్దున చూస్తే నోట్లో నురగ, పక్కన పేపర్ ప్లేట్‌లో ఇంకా నాలుగు ముద్దలు. స్టేషన్‌కి వెళ్తే కుక్కకి కేసేంటమ్మా అని పంపేశారు. ఏం చెయ్యాలి?

జవాబు 1: ముందు పాతిపెట్టకండి అక్కా. ప్రభుత్వ పశువుల డాక్టర్‌తో పోస్ట్‌మార్టం చేయించండి, లోపలి భాగాలు ఫోరెన్సిక్ ల్యాబ్‌కి పంపమని పోలీసుల్ని గట్టిగా అడగండి, విషమని రిపోర్ట్ లేకపోతే కోర్టులో నిలబడటం చాలా కష్టం, మేం ఏడుస్తూ సాయంత్రానికే పూడ్చేశాం, కేసు అలాగే పోయింది. ఆ ప్లేటు కదపొద్దు, ఫోటో తియ్యండి.

జవాబు 2: కంప్లైంట్‌లో భారతీయ న్యాయ సంహిత (ఐపీసీ బదులు వచ్చిన చట్టం) సెక్షన్ 325 అని రాయండి. జంతువుని చంపితే 5 ఏళ్ల దాకా జైలు, ఎఫ్ఐఆర్ కట్టాల్సిన నేరమే. 1960 నాటి జంతుహింస చట్టం ఒక్కటే పెడితే మొదటిసారికి జరిమానా 10 నుంచి 50 రూపాయలు, చదివితేనే కడుపు మండుతుంది, పైగా దాని కింద 3 నెలల్లోపే కేసు మొదలుపెట్టాలి. తీసుకోకపోతే ఎస్పీకి పోస్టులో పంపండి, అక్కడా కదలకపోతే మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్లొచ్చు.

జవాబు 3: ఎదురింటి సీసీటీవీ ఇవాళే అడగండి, ఆలస్యమైతే చెరిగిపోతుంది.

అడిగినవారు: ఇంకా పూడ్చలేదు, ఐస్ పెట్టి ఉంచాం. డాక్టర్ దగ్గరికి బయల్దేరుతున్నా.