ఇయాన్ హోమ్ ‘కింగ్ లియర్’ ఎక్కడ దొరుకుతుంది?
నమస్కారం అండీ, చిన్న సాయం కావాలి. ‘చారియట్స్ ఆఫ్ ఫైర్’ (1981)లో పరుగుల కోచ్‌గా వేసిన బ్రిటిష్ నటుడు ఇయాన్ హోమ్ గుర్తున్నారా? స్టేడియంలోకి రానివ్వకపోతే హోటల్ గది కిటికీలోంచి, తన శిష్యుడు గెలిచాడని తెలిపే జెండా లేవడం చూసి, తన టోపీని పిడికిలితో గుద్ది చిల్లు పెట్టేస్తారు. ఆ సీను ఎన్నిసార్లు చూశానో!

1976లో ఒక నాటకం ఆడుతూ స్టేజి భయం పట్టుకుని, ఏళ్ల తరబడి రంగస్థలానికి దూరమయ్యారట. అలాంటి మనిషి 1997లో లండన్ నేషనల్ థియేటర్‌లో షేక్‌స్పియర్ నాటకం ‘కింగ్ లియర్’లో లియర్ రాజు పాత్ర వేసి, బ్రిటన్ రంగస్థల పురస్కారమైన ఆలివియర్ అవార్డు అందుకున్నారు. నాకూ నాటకాలంటే ప్రాణం, స్టేజి ఎక్కితే మాత్రం గొంతు పెగలదు. అందుకే అడుగుతున్నా.

ఆ లియర్‌ని టీవీకి కూడా తీశారు కదా, సబ్‌టైటిల్స్‌తో ఎక్కడ చూడొచ్చు? ఆయన ఆత్మకథ చదివినవాళ్లెవరైనా ఉంటే, ఆ భయం నుంచి ఎలా బయటపడ్డారో కాస్త చెప్పండి, ప్లీజ్.