అప్‌డేట్: పాప చెంప మీద గట్టి గడ్డ పైలోమేట్రికోమా అని తేలింది, ఆపరేషన్ అయింది

మా చిన్న పాపకి చెవి ముందు చెంప మీద రాయిలా గట్టిగా, పైన చర్మం కాస్త నీలంగా ఉన్న గడ్డ గురించి ఇక్కడ అడిగాను కదా. ధైర్యం చెప్పిన అందరికీ థ్యాంక్స్. ‘ఆలస్యం చేయకుండా పిల్లల సర్జన్‌కి చూపించండి’ అన్న సలహానే పనికొచ్చింది.

ఆయన చర్మం సాగదీసి చూశారు. గడ్డ పైచర్మానికి అంటుకుని ఉంది, అడుగున మాత్రం కదులుతోంది. అల్ట్రాసౌండ్‌లో కాల్షియం పేరుకున్నట్టు కనిపించింది. పైలోమేట్రికోమా అంటే వెంట్రుక కుదురులోని కణాల నుంచి పుట్టే గడ్డ. క్యాన్సర్ కాదు, కానీ సాధారణంగా దానంతటది కరిగిపోదు.

నాకు అసలు టెన్షన్ పూర్తి మత్తు గురించే. ఇంత చిన్న పిల్ల కదలకుండా ఉండలేదు, పైగా అక్కడ ముఖం కండరాలను కదిలించే నరం దగ్గర్లోనే ఉంటుంది, అందుకే మత్తు తప్పదన్నారు. గడ్డతో పాటు దాన్ని అంటుకుని పలచబడ్డ చర్మం కూడా తీశారు. ముక్క మిగిలితే మళ్లీ రావచ్చట, పూర్తిగా తీస్తే అది చాలా అరుదు. బయాప్సీలో షాడో సెల్స్ (కేంద్రకం పోయి నీడలా కనిపించే కణాలు, ఈ గడ్డకి గుర్తు) కనిపించి, రోగం పేరు ఖాయమైంది. పాప నవ్వు మునుపటిలాగే రెండు వైపులా సమానంగా ఉంది, మాకు అంతకన్నా ఏం కావాలి!

ఇది లింఫ్ గ్రంథి వాపు కాదు, కాబట్టి యాంటీబయాటిక్స్, వేడి కాపడం దీనికి పనిచేయవు. ఇలాంటివి ఒంటి మీద చాలా చోట్ల వస్తే మాత్రం జన్యు సమస్యల కోసం చూస్తారట. మా పాపకి ఉన్నది ఒక్కటే కాబట్టి ఆ పరీక్షలు అక్కర్లేదన్నారు.