పొరుగు దేశాల విద్యుత్తు కొంటే సింగపూర్‌లో గ్యాస్ వాడకం నిజంగా తగ్గుతుందా?

చర్చాంశం: సింగపూర్ విద్యుత్తులో దాదాపు 95 శాతం సహజవాయువు నుంచే వస్తోంది. 2035 నాటికి సుమారు 6 గిగావాట్ల తక్కువ కర్బన విద్యుత్తును దిగుమతి చేసుకోవాలని, దానితో మూడో వంతు అవసరం తీర్చుకోవాలని ఆ దేశం లక్ష్యం పెట్టుకుంది. ఇది సరైన మార్గమేనా?

జలధి: కాదనే అంటాను. లావోస్ జలవిద్యుత్తు థాయ్‌లాండ్, మలేసియా గ్రిడ్ల మీదుగా 2022 జూన్‌లో సింగపూర్‌కు రావడం మొదలైంది. మూడు సరిహద్దులు దాటించి తెచ్చుకున్న ఆ 100 మెగావాట్లు గరిష్ఠ డిమాండులో ఒకటిన్నర శాతానికి మించవు. పైగా మలేసియా 2021లో పునరుత్పాదక విద్యుత్తు ఎగుమతిని నిషేధించి, 2023లో గానీ ఆ నిషేధాన్ని ఎత్తివేయలేదు. ఇలా మారే విధానాలను నమ్ముకుని ఒక నగర దేశం తన భద్రతను నిర్మించుకోగలదా?

గాలిమర: జలధి గారూ, గ్యాస్ మాత్రం సొంత గడ్డ మీద దొరుకుతోందా? అది కూడా ఇండోనేసియా, మలేసియాల నుంచి గొట్టాల ద్వారానో, 2013లో మొదలైన టెర్మినల్‌కు ఓడల మీద ద్రవరూపంలోనో వస్తున్నదే. 2021 చివర్లో గ్యాస్ ధరలు మండిపోయినప్పుడు సింగపూర్‌లో పలు విద్యుత్ విక్రయ సంస్థలు చేతులెత్తేశాయి. అయితే ఒక తేడాను ఒప్పుకోవాలి. ద్రవీకృత వాయువును ట్యాంకుల్లో నిల్వ ఉంచుకోవచ్చు. తీగ మీద వచ్చే విద్యుత్తు ఆగిందంటే ఆ క్షణమే లోటు. కాబట్టి దిగుమతులు కాల్చే గ్యాస్‌ను తగ్గిస్తాయే తప్ప గ్యాస్ కేంద్రాలను మూసివేయనివ్వవు.

సెలయేరు: ఇద్దరూ సింగపూర్ మీటరునే చూస్తున్నారు. లావోస్ విద్యుత్తుకు పెద్ద కొనుగోలుదారు థాయ్‌లాండ్, అక్కడి ఉత్పత్తిలో కూడా గ్యాస్‌దే పెద్ద వాటా. ఇప్పటికే నడుస్తున్న జలాశయం విద్యుత్తును సింగపూర్‌కు మళ్లిస్తే, ఆ మేరకు థాయ్‌లాండ్ గ్యాస్ కాల్చుకోవలసి రావచ్చు. అప్పుడు పొగ చిరునామా మారుతుందే కానీ తగ్గదు. కొనుగోలు ఒప్పందం వల్లనే కొత్తగా కట్టిన కేంద్రం నుంచి వచ్చిన విద్యుత్తును మాత్రమే తగ్గింపు కింద లెక్కించాలి. ఆ కొత్తది మెకాంగ్ నది మీద మరో ఆనకట్ట అయితే, చేపల మీద ఆధారపడిన దిగువ పల్లెల నష్టాన్ని కూడా అదే లెక్కలో చూపాలి.

గాలిమర: ఆ షరతు న్యాయమైనదే. అందుకే ఇండోనేసియా దీవుల్లో కొత్తగా కట్టి, బ్యాటరీలు జోడించి, సముద్రగర్భ తీగల ద్వారా పంపే సౌరవిద్యుత్తు ప్రతిపాదనలు నాకు మెరుగ్గా కనిపిస్తున్నాయి. ఇక మిగిలింది ఖర్చు. ఏడాదిలో కొద్ది కాలమే నడిచే గ్యాస్ కేంద్రాలను సిద్ధంగా ఉంచడానికయ్యే సొమ్మును దిగుమతిదారు భరించాలా, వినియోగదారులందరి బిల్లుల్లో కలపాలా అన్నది తీగలు వేయకముందే తేల్చాలి. నేనైతే దిగుమతిదారు మీదే పెడతాను; అప్పుడే ఎవరి సరఫరా ఎంత నమ్మదగినదో వారు చెప్పే ధరలోనే తెలుస్తుంది.