మనుచరిత్రలో సిద్ధుణ్ణి ఎవరూ పట్టించుకోరేం?

మన చెన్నై గ్రూపులో ఎల్ఫుల (పాశ్చాత్య కథల్లో ముసలితనం రాని మాయాజీవుల) కథల మీద చర్చ బాగా నడిచింది. ఎన్ని ఏళ్ళు బతికినా ముఖాన ముడత పడనివాళ్ళు మన కావ్యాల్లో ఎవరని అడిగితే అందరూ మనుచరిత్రలోని అప్సరస వరూధిని పేరే ఎత్తారు. నా ఓటు మాత్రం అదే కావ్యంలో ప్రవరుడనే బ్రాహ్మణుడికి పాదలేపం, అంటే కోరిన చోటికి చేర్చే పసరు, కాళ్ళకు పూసిన సిద్ధుడికి, అంటే మహిమలు సాధించిన యోగికి. కావ్యం రాసిన అల్లసాని పెద్దన అతన్ని ఎంత శ్రద్ధగా దించాడో! ముడిచిన ఎర్రజడ, దాన్ని కప్పుతూ కిరీటంలా 'మువ్వన్నె మెగముతోలు', అదే పులితోలు. అతను తిరిగిన చోట్లన్నీ విన్నాక ప్రవరుడికి అనుమానం వస్తుంది:

వెఱవక మీ కొనర్తు నొక విన్నప మిట్టివి యెల్లఁ జూచి రా
నెఱకలు గట్టుకొన్న మఱి యేండ్లునుఁ బూండ్లునుఁ బట్టుఁ బ్రాయపుం
జిఱుతతనంబు మీ మొగము చెప్పక చెప్పెడు నద్దిరయ్య మా
కెఱుఁగఁ దరంబె మీ మహిమ లీర యెఱుంగుదు రేమి చెప్పుదున్

ఎఱకలంటే రెక్కలు. రెక్కలు కట్టుకుని తిరిగినా ఏళ్ళూ పూళ్ళూ పట్టే పని, మీ ముఖం చూస్తే కుర్రతనం చెప్పకనే చెబుతోంది అంటున్నాడు. 'కోతలు కోస్తున్నారు' అనే మాటను ఇంత మర్యాదగా అనడం పెద్దనకే చెల్లింది. విన్నపమని మొదలెట్టి, మీ మహిమలు మీకే ఎరుకని ముగించాడు. మధ్యలో ఆ 'అద్దిరయ్య' మాత్రం నోరు జారి వచ్చినట్టుంటుంది. నాకు పద్యమంతా ఒక ఎత్తు, అది ఒక ఎత్తు. సిద్ధులకు ముసలితనం, రోగం అంటవని సిద్ధుడు తాపీగా జవాబిస్తాడు.

— 'ఏళ్ళూ పూళ్ళూ' మా అమ్మమ్మ ఇప్పటికీ అంటుందండీ. మా వీధిలో తవ్విన గొయ్యి గురించి మొన్న కూడా అంది.

— అన్నా, నాకైతే ఆ సిద్ధుడు పక్కా మోసగాడు. హిమాలయాల్లో పసరు కరిగిపోయి ప్రవరుడు ఇంటికి రాలేక ఇరుక్కున్నాడు. మంచు తగిలితే పసరు కరిగిపోతుందని ఒక్క ముక్క చెప్పాడా?

తమ్ముడూ, ఆ గొడవ ప్రవరుడే తేల్చేశాడు. మందు సత్తా చూడ్డానికి కాశీ, గయ, ప్రయాగ ఉండగా ఈ మంచుకొండకే రావాలా అని తన్ను తానే తిట్టుకుంటాడు, 'బుద్ధిజాడ్యజనితోన్మాదుల్ గదా శ్రోత్రియుల్' అని. శ్రోత్రియులంటే వేదం చదివినవాళ్ళు; వాళ్ళ మీద శ్రోత్రియుడే వేసిన చురక అది. అయినా పసరు కరక్కపోతే వరూధినితో మాటామంతీ ఎక్కడిది, ప్రవరుడి వేషంలో ఆమెను చేరిన గంధర్వుడు మాయాప్రవరుడెక్కడ, వాళ్ళ కొడుకు స్వరోచి ఎక్కడ? ఆరు ఆశ్వాసాల కథను నడకకు పెట్టి ఆ పెద్దమనిషి తన దారిన తాను పోయాడు, మళ్ళీ కనిపించలేదు.

— సరే, మోసగాడు అన్నమాట వెనక్కి తీసుకోను గానీ, ఆ సిద్ధుణ్ణి వర్ణించిన సీసం పూర్తిగా పెట్టండి. 'ఐణేయమైన యొడ్డాణంబు' అంటే ఏంటి?

ఏణం అంటే జింక. జింకతోలుతో చేసిన నడికట్టు. సీసం మొత్తం రాత్రికి టైప్ చేసి పెడతా, అరసున్నలతో సహా.